నలభై మూడో పేజీ

సున్నా దొరికింది శనివారం మధ్యాహ్నం. మూడేళ్లుగా ‘అన్వేష’ అనే ఆ ప్రోగ్రాములో అది ఉన్నదే, ఎవరి కంటా పడలేదు. ప్రోగ్రాము రాసిన సుకన్యకే కనపడనిది ఇంకొకరికేం కనపడుతుంది.

ప్రతి జన్యువుకూ ముందు కొన్ని వందల అక్షరాల వరస ఒకటి ఉంటుంది. దాన్ని ప్రమోటర్ అంటారు. ఏ, సీ, జీ, టీ అనే నాలుగు అక్షరాలే తిరగామరగా వచ్చే ఆ వరసలో ఎక్కడో ఓ ఎనిమిది పది అక్షరాల చోటు చూసుకుని ఒక ప్రొటీన్ వచ్చి అతుక్కుంటుంది. అది అతుక్కుంటేనే జన్యువు పని మొదలుపెడుతుంది. ఆ చోటు ఎక్కడుందో వెతికిపెట్టడం అన్వేష పని. జన్యువు మొదలయ్యే అక్షరం ఒకటి, దానికి ముందున్నది మైనస్ ఒకటి. మధ్యలో సున్నా ఉండదు. గడప దాటి లోపలికి వేసింది ఒక అడుగు, బయటికి వేసింది ఒక అడుగు, గడప మీద కాలు పెట్టకూడదు. మూడేళ్ల కింద సుకన్య హడావుడిగా రాసిన ఒక లైనులో కంప్యూటర్ గడప మీద కూడా కాలు పెట్టింది. దాంతో గడపకు బయటున్న చోట్లన్నీ ఒక్కో అక్షరం పక్కకు జరిగాయి. మైనస్ డెబ్బై రెండు అనాల్సిన చోటును అది మైనస్ డెబ్బై ఒకటి అంటూ వచ్చింది. అక్షరాలు స్పష్టంగా ఉన్న చోట్లను ఒక అడుగు అటూ ఇటూ అయినా పట్టేసేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

సుకన్య ఆ లైను సరిచేసింది. పది నిమిషాల పని. పనిలో పనిగా ఆ అటూ ఇటూ చూసే వెసులుబాటు కూడా తీసేసింది, ఇక అవసరం లేదు కదా అని. పేరున్న నాలుగు జన్యువులు పెట్టి చూసింది, పెట్టె సరిగ్గా ఆ అక్షరాల మీదే పడింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మూడేళ్లుగా తప్పు ఉందని చెప్పినట్టే. ఇంకో ఆరు రోజుల్లో, శుక్రవారం నాడు, ఆమెను పర్మనెంటు చేయాలా వద్దా అని తేల్చే కమిటీ కూర్చుంటుంది. ఎనిమిదేళ్లుగా ఏటేటా పొడిగించే కాగితం మీద బతుకుతున్న మనిషి ఆమె.

పక్క టేబుల్ దగ్గర షిరీన్ రిజిస్టర్ రాసుకుంటోంది. ఆమె పని పేపర్లు చదవడం. ముప్పై ఏళ్లుగా దేశదేశాల వాళ్లు ప్రయోగాలు చేసి, ఫలానా జన్యువు ముందు ఫలానా చోట ప్రొటీన్ అతుక్కుంటుందని రుజువు చేసి అచ్చేసిన పేపర్లు. వాటిలోంచి ఒక్కో చోటునూ ఏరి, నంబరు కంప్యూటర్‌లో డేటా టేబుల్లోకి ఎక్కించి, ఆ ఎక్కించిన నంబరునే రిజిస్టర్‌లో రాయాలి. మూడేళ్లలో పన్నెండు వందల అరవై చోట్లు రాసింది. అన్వేషకు చదువు చెప్పింది ఆ చోట్లే. అట్ట గట్టిగా ఉన్న కుట్టు పుస్తకం, పేజీలకు అచ్చు నంబర్లు, ఆకుపచ్చ సిరా, తేదీ, సంతకం. ఇదంతా డైరెక్టర్ వేణుమాధవ్ పెట్టిన నియమం. రేపు పేటెంట్ తగాదా వస్తే కంప్యూటర్‌ను ఎవడైనా మార్చొచ్చు, కలంతో రాసింది మార్చలేరు అంటాడు. ఆ గదిలోకి ఫోన్లు కూడా రానివ్వరు, గేటు దగ్గర పెట్టెలో వేసి రావాలి.

షిరీన్ కలం మూత పెట్టి, సోమవారానికి ఇరవై చోట్లు ఏరి, పేర్లు ముందే పంపానని చెప్పింది. విత్తనాల కంపెనీ వాళ్లు అన్వేషను కొనేముందు చూడ్డానికి వస్తున్నారు. తేలికవి చూపిస్తే వాళ్లు నవ్వుతారు, కష్టమైనవే ఏరమని వేణుమాధవ్ చెప్పాడు. అక్షరాలు మసకమసకగా ఉండి ఏ ప్రోగ్రామూ పట్టలేని చోట్లు ఏరింది.

“నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోతది అక్కా,” అంది షిరీన్, సుకన్య ముఖం వైపు చూడకుండా. “నువ్వు నోట్ రాస్తే సార్ సంతకం జేస్తడు.”

కమిటీ కానీ, ఆ వెంటనే రాస్తానంది సుకన్య. ఆ మాట అన్నప్పుడు నిజంగానే రాద్దామనుకుంది. షిరీన్ తండ్రి జాన్ సాహెబ్ బన్సీలాల్‌పేట్‌లో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఏడాదిగా చేతులు వణుకుతున్నాయి, సూది ఎక్కించలేకపోతున్నాడు. ఆ ఇంటికి ఇప్పుడు ఈ ఉద్యోగమే ఆధారమని సుకన్యకు తెలుసు. మూడేళ్లుగా ఇద్దరూ టిఫిన్ డబ్బాలు మార్చుకుని తింటున్నారు. ఆ శనివారం కూడా షిరీన్ తెచ్చిన బగారా అన్నం సుకన్య తింది, సుకన్య తెచ్చిన సర్వపిండి షిరీన్, అటెండర్ పర్వతాలు పంచుకున్నారు.

సోమవారం పొద్దున యాప్రాల్ దగ్గర మిలటరీ వాళ్లు రోడ్డు మూసేశారు. సుకన్య కాప్రా నుంచి స్కూటీ మీద చుట్టూ తిరిగి బొల్లారంలోని ల్యాబుకు చేరేసరికి కంపెనీ వాళ్ల కారు వచ్చేసి ఉంది. ఇద్దరొచ్చారు. ఒకతను సూటు, అతనికేమీ తెలియదు. రెండో ఆయన రిచర్డ్, ముప్పై ఏళ్లు వరి మీదే పనిచేసిన పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు. చంకలో జిరాక్సుల కట్ట, చొక్కా జేబులో ఆరంగుళాల స్కేలు పెట్టుకొచ్చాడు. షిరీన్ ఇచ్చిన ఇరవై పేర్లకూ అసలు పేపర్లు తెచ్చుకున్నాడన్నమాట.

వేణుమాధవ్ నవ్వుతూ ఉపోద్ఘాతం చెప్పాడు. ఆయన అందరినీ అమ్మా, నాయనా అంటాడు, ఎవరినైనా పనిలోంచి తీసేసేటప్పుడు కూడా ఆ పిలుపు మారదు. సుకన్య మౌస్ పట్టుకుంది. షిరీన్ వెనక గోడకు ఆనుకుని, రిజిస్టర్ గుండెలకు అదుముకుని నిలబడింది. పర్వతాలు టీ కప్పులు సర్దుతున్నాడు.

మొదటి జన్యువు తెర మీదికి వచ్చింది. ఎర్ర పెట్టె అక్షరాల మీద పడింది. రిచర్డ్ జిరాక్సు మీద స్కేలు పెట్టి, తెర వైపు చూసి, మళ్లీ స్కేలు వైపు చూశాడు.

“పేపర్లో ఇది డెబ్బై రెండు. మీ డేటా టేబుల్లో డెబ్బై ఒకటి ఉంది,” అన్నాడు. “పెట్టె ఒక అక్షరం జరిగిందమ్మా.”

సుకన్య రెండోది తెరిచింది. అదీ అంతే. మూడోది కుదిరింది. నాలుగోది మళ్లీ జరిగింది. ప్రోగ్రాము ఇప్పుడు సరిగ్గా ఉంది, ఆ సంగతి ఆమెకు రూఢిగా తెలుసు. అంటే తేడా టేబుల్లో ఉంది. టేబుల్లో నంబర్లు ఎందుకు తేడాగా ఉన్నాయి అనుకుంటూ ఐదోదాని మీద నొక్కబోతుండగా గుర్తొచ్చింది.

మూడేళ్ల కింద, షిరీన్ చేరిన రెండో నెల. ఈ టేబుల్ పక్కనే నిలబడి, కొన్ని చోట్లను ప్రోగ్రాము పట్టట్లేదని చెప్పింది. సుకన్యకు ఆ రోజు తల ఎత్తే తీరిక లేదు. పట్టనివాటికి నంబరు ఒకటి మార్చి రాయి, పడుతుంది అంది. పేపర్లో ఉన్నదాన్ని మనం మార్చొచ్చా అని ఆ పిల్ల అడిగింది. మార్చమని నేను చెప్తున్న కదా అంది సుకన్య. అట్లయితే జెర రాసియ్యి అక్కా అని రిజిస్టర్ ముందు పెట్టింది. సుకన్య నవ్వి, రాసి, సంతకం పెట్టింది. ప్రోగ్రాములో ఉన్న తప్పుకు సరిపోయేలా డేటాను వంచమని తానే రాసిచ్చి, మళ్లీ ఆ విషయం తలవలేదు. శనివారం తప్పు సరిచేసినప్పుడు కూడా తలవలేదు.

ఇరవైలో మూడు కుదిరాయి. సూటు వేసుకున్నతను వాచీ చూసుకుంటున్నాడు.

“ఈ డేటా ఎవరు ఎక్కించారు?” అన్నాడు వేణుమాధవ్, ఎవరు ఎక్కించారో తెలిసే.

“నేనే సార్,” అంది షిరీన్.

“పేపర్లో డెబ్బై రెండు ఉంటే డెబ్బై ఒకటి రాసినవేందమ్మా? కండ్లు కనబడ్తలేవా, లెక్క రాదా?”

షిరీన్ సుకన్య వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు. మేడమ్ ఇప్పుడు చెబుతుంది కదా అన్న నిమ్మళం ఉంది. సుకన్య మౌస్ తీగను సరిచేసుకుంటోంది. చివరికి షిరీనే చెప్పింది. “ప్రోగ్రాం పట్టనివాటికి మేడమ్ మార్చమంటేనే మార్చిన సార్.”

“చెప్పినవా సుకన్యా?”

చెప్పానంటే శుక్రవారం కమిటీ లేదు. తనదే తప్పు అని ఒప్పుకోవడానికి ఆ గదిలో ఒక్క మాట చాలు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎనిమిదేళ్లు కళ్ల ముందు తిరిగాయి.

“నాకు గుర్తులేదు సార్,” అంది సుకన్య.

చెప్పలేదు అనలేదు, గుర్తులేదు అంది. అబద్ధమాడ్డానికి కూడా ధైర్యం చాలని చదువుకున్నవాళ్లు వాడే మాట అది.

రిజిస్టర్‌లో మేడమ్ సంతకంతో సహా ఉందని షిరీన్ అంది. పుస్తకం తెరవబోయింది కూడా. వేణుమాధవ్ చెయ్యెత్తి ఆపాడు. పెద్దవాళ్ల ముందు ఇంటి గొడవలు పెట్టుకోవద్దని నవ్వుతూ చెప్పి, బయట కూర్చోమన్నాడు. ఆమె వెళ్తుంటే పర్వతాలు తలుపు తెరిచి పట్టుకున్నాడు. రిచర్డ్ తన జిరాక్సులన్నీ వరసగా సర్దుకుని, టీ తాగకుండానే లేచాడు.

ఆ మధ్యాహ్నం వేణుమాధవ్‌కు ఢిల్లీ ఫ్లైటు ఉంది. కారు దగ్గరికి నడుస్తూనే పంచాయితీ తేల్చేశాడు. షిరీన్ రిజిస్టర్ సుకన్యకు అప్పగించాలి. సుకన్య మొత్తం చూసి, అందులో అలాంటి రాత ఏదైనా ఉందో లేదో గురువారం తనకు చెప్పాలి. అప్పటిదాకా షిరీన్ కంప్యూటర్ ముట్టుకోకూడదు. తప్పు ఎవరిదో తేల్చమని తప్పు చేసిన మనిషి చేతికే పుస్తకం ఇచ్చాడు.

“సార్, మీరే ఒక్కసారి చూడుండ్రి. ఒక్క నిమిషం,” అని షిరీన్ పేజీ తీసింది.

“చూడ్డానికి మేడమ్ ఉంది కదమ్మా,” అని ఆయన కారెక్కాడు. పేజీ మీదికి ఆయన చూపు పోలేదు. పోకుండా చూసుకున్నాడు.

షిరీన్ లోపలికొచ్చి రిజిస్టర్‌ను సుకన్య టేబుల్ మీద పెట్టింది. మధ్యలో బస్సు టికెట్టు ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. “నలభై మూడో పేజీ అక్కా,” అంది. “నీకు మస్తు పనులుంటయ్, యాది ఉండదు. జూస్తే యాదికొస్తది. పరేషాన్ గాకు.” పైగా సుకన్యకే ధైర్యం చెప్పింది. నీ సంతకం ఉందని తెలిస్తే సార్ నిన్నేమీ అనడు, నువ్వు పెద్దదానివి, నన్నయితే తీసేస్తడు అని కూడా అంది. ఆ పిల్లకు అంతకంటే లోకం తెలియదు.

ఆ సాయంత్రం ఇంట్లో సుకన్య భర్త పురుషోత్తం శుక్రవారం సంగతి అడిగాడు. అంతా బాగానే ఉందంది. మర్నాడు షిరీన్ భోజనానికి బయటికి వెళ్లిన సమయం చూసి రిజిస్టర్ తెరిచింది.

ఆకుపచ్చ వరసల మధ్య తన నీలం సిరా పెద్దపెద్ద అక్షరాలతో వెక్కిరిస్తున్నట్టు ఉంది. ‘ప్రోగ్రాం పట్టని చోట్లకు నంబరు ఒకటి మార్చి రాయవలెను.’ కింద తేదీ, సుకన్య అనే సంతకం, సంతకం కింద రెండు చుక్కలు. ఆ రోజుల్లో చుక్కలు పెట్టేది, తర్వాత మానేసింది. సంతకాన్ని చూసిన కళ్లకు ఇంకేమీ కనపడలేదు. కాగితం అవతలివైపు రాతల సిరా ఇవతలికి ఊరి, పేజీ నిండా సన్నటి ఆకుపచ్చ చుక్కలు దేరి ఉన్నాయి. ఆమె కాగితం తిప్పలేదు.

షిరీన్‌దే ఉక్కు స్కేలు టేబుల్ మీద ఉంది. దాన్ని కుట్టు పక్కన ఆనించి, బొటనవేలితో నొక్కిపెట్టి, కాగితాన్ని పైనుంచి మెల్లగా లాగింది. బట్ట చించినట్టు చప్పుడైంది. సుకన్య ఆగి తలుపు వైపు చూసి, మిగతాది ఒక్క లాగుతో తెంపింది. కుట్టు పుస్తకాలతో ఒక చిక్కు ఉంది, ఒక ఆకు చింపితే దాని జత ఆకు వదులవుతుంది. ముప్పై ఏడో పేజీ ఉన్న ఆకు బయటికి జారింది. దానికి సన్నగా గమ్ము రాసి, మళ్లీ లోపలికి దోపి, పుస్తకం మూసి, పైన రెండు లావు పుస్తకాలు బరువు పెట్టింది. చింపిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అకౌంట్స్ గది బయటున్న కాగితాలు తరిగే మిషన్ దగ్గరికి పోయింది. మడత విప్పి పెట్టాలి, లేకపోతే ఇరుక్కుంటుంది. విప్పి, రాత కిందివైపు ఉండేలా పెట్టింది. మిషన్ దాన్ని సేమియాలా చేసి బుట్టలో వేసింది. ఆమెకు ఆ పూట ఆకలి బాగానే వేసింది, టిఫిన్ డబ్బా ఖాళీ చేసింది.

బుధవారం అంతా షిరీన్ ఖాళీ టేబుల్ దగ్గర కూర్చుంది. కంప్యూటర్ ముట్టుకోవద్దన్నారు కాబట్టి పాత పేపర్లు ముందేసుకుని చదువుకుంది, ఇంకా ఎక్కించాల్సిన చోట్లకు పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంది. చూశావా అని రెండుసార్లు అడగబోయి ఊరుకుంది. సుకన్య భోజనం ఆ గదికి ఆనుకుని ఉన్న తన క్యాబిన్‌లోనే చేసింది.

గురువారం వేణుమాధవ్ వచ్చాడు. సుకన్యను పిలిచాడు, కూర్చోమన్నాడు.

“ఏమన్నా ఉందా రిజిస్టర్ల?”

“లేదు సార్.”

ఆయన ఆమె వైపు చాలాసేపు నవ్వుతూ చూశాడు. “ఉండదని నాకు తెలుసు,” అన్నాడు. “ప్రోగ్రాం రాసినోళ్లు మళ్ల దొరకరు. నంబర్లు ఎక్కించెటోళ్లు గల్లీకొకరు ఉన్నరు.”

తర్వాత ఉత్తరం చెప్పాడు, ఆమె టైపు చేసింది. విధుల్లో నిర్లక్ష్యం వహించినందువల్ల నెలాఖరు దాకా కూడా ఆగకుండా ఈ రోజుతోనే తొలగిస్తున్నాం. ఇలాంటి పనికి ఈమెను ఎక్కడా సిఫారసు చేయలేం. చివరి వాక్యం అవసరమా సార్ అని సుకన్య అడిగింది. ఉండనీ, ముందు జాగ్రత్త అన్నాడాయన. ఉండనిచ్చింది. అక్షరదోషాలు లేకుండా చూసి, రెండు ప్రతులు తీసింది.

పర్వతాలు వెళ్లి షిరీన్‌ను సుకన్య క్యాబిన్‌లోకి తీసుకొచ్చాడు. ఆమె నిలబడే చదివింది. చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి మళ్లీ చదివింది. కాగితం పట్టుకున్న చెయ్యి వణకలేదు. తండ్రి చేతుల వణుకు చూసీ చూసీ తన చేతులను అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంది కాబోలు.

“చూసినవా అక్కా?” అని అడిగింది.

“చూసిన. అట్లాంటిదేం లేదు షిరీన్.”

“ఒక్కసారి ఇయ్యి. నేను తీసి సూపిస్త.”

రిజిస్టర్ ఇప్పుడు సార్ దగ్గరుందని సుకన్య చెప్పింది. అది టేబుల్ కింద సుకన్య మోకాలికి తగులుతున్న సొరుగులో ఉంది. షిరీన్ ఆ సొరుగు వైపు చూడలేదు, సుకన్య ముఖంలోకే చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకు. అర్థమైన సంగతి సుకన్యకూ తెలిసింది. ఇద్దరి మధ్యా టేబుల్ మాత్రమే ఉంది, ఒక్క మాట అంటే ఇంకా సరిదిద్దుకోవచ్చు, ఉత్తరం మీద షిరీన్ సంతకం ఇంకా పడలేదు. సుకన్య తన కలం తీసి ఆమె ముందు పెట్టింది.

షిరీన్ ఆ కలం ముట్టుకోలేదు. తన ఆకుపచ్చ కలంతోనే సంతకం చేసింది. ఐడీ కార్డు, లాకర్ తాళంచెవి, ఉక్కు స్కేలు ఒక్కొక్కటే టేబుల్ మీద పెట్టింది. పనిలోంచి పోయేవాళ్ల బ్యాగు వెతికి పంపాలి, అది కూడా వేణుమాధవ్ పెట్టిన నియమమే. పర్వతాలు ఆమె బ్యాగులో చెయ్యి పెట్టాడు. గొడుగు, దువ్వెన, తండ్రి మందుల చీటీ. టిఫిన్ డబ్బా కూడా తెరవాలా అన్నట్టు సుకన్య వైపు చూశాడు. సుకన్య తెర వైపు తిరిగిపోయింది. ఆమె చెప్పలేదు కాబట్టి అతను తెరిచాడు. మూడేళ్లుగా సుకన్య తిన్న డబ్బా అది. రెండు గిన్నెలూ మూత తీసి, లోపల చూసి, మళ్లీ మూతలు పెట్టాడు. డబ్బా నిండుగా ఉంది, ఆ పూట ఆమె తినలేదు.

“నీ కింద పనిజేసిన మూడేండ్లల ఒక్క నంబరు సుత నా అంతట నేను మార్చలే,” అంది షిరీన్ గుమ్మం దగ్గర. అరవలేదు. తర్వాత, “పోతున్న మేడమ్,” అంది.

మూడేళ్లలో సార్ లేని చోట ఆమె మేడమ్ అనడం అదే మొదలు. సుకన్యకు ఏడుపు వచ్చింది. వచ్చిన ఏడుపును దిగమింగుకుని, మరుసటి రోజు కమిటీకి చెప్పాల్సిన జవాబులు చదువుకుంది.

శుక్రవారం కమిటీ ఇరవై నిమిషాల్లో తేల్చేసింది. డేటాలో తప్పు వచ్చినా ప్రోగ్రాములో తప్పు రాలేదని వేణుమాధవ్ ఆమె గురించి గొప్పగా చెప్పాడట. శనివారం సుకన్య అందరికీ బాదుషాలు పంచింది. పర్వతాలు తనకు షుగరు ఉందన్నాడు. పోయిన నెల అతని మనవరాలి పుట్టినరోజున నాలుగు జిలేబీలు తినడం ఆమె చూసింది.

సోమవారం పొద్దున్నే వేణుమాధవ్ సంబరంగా పిలిచాడు. రిచర్డ్ ఉత్తరం రాశాడు. జరిగినవన్నీ సరిగ్గా ఒక్క అక్షరమే జరిగాయి కాబట్టి తప్పు డేటాదేనని, ప్రోగ్రాము తనకు నచ్చిందని, డేటా శుభ్రం చేసి చూపిస్తే కొనమని కంపెనీకి చెబుతానని, పదిహేను రోజుల్లో వస్తానని. ఈసారి చోట్లు తనే ఏరుకుంటానని కూడా రాశాడు.

“ఆ పిల్ల మార్చినయన్నీ వెనక్కి మార్చు. ఎంతసేపు?” అన్నాడు.

ఒక్కరోజు చాలంది సుకన్య. అన్నిటికీ ఒకటి కలపడమో తీయడమో అయితే ఒక్క నిమిషం చాలు. డేటా టేబుల్ తెరిచి కూర్చున్నాక తెలిసింది. షిరీన్ అన్నీ మార్చలేదు. పట్టనివాటికే మార్చమని కదా తాను రాసిచ్చింది. పట్టినవాటికి పేపర్ నంబరు అలాగే ఉంచింది. ఇప్పుడు ఏవి మార్చినవో ఏవి మార్చనివో తెలియాలి. అక్షరాలు స్పష్టంగా ఉన్నచోట చూస్తే తెలుస్తుంది. మసకగా ఉన్నచోట, చోటు ఏ అక్షరం దగ్గర మొదలైందో దేవుడికి తెలియాలి, లేకపోతే పేపర్‌కు తెలియాలి. అలాంటివే ఆరు వందలకు పైగా ఉన్నాయి. వాటి వెనక మూడు వందల ఎనభై పేపర్లు. సోమవారమంతా కూర్చుని సుకన్య ఆరు పేపర్లు చదివింది. మంగళవారం కళ్లు మంటలు పుట్టి నాలుగే చదివింది, అందులో ఒకదాన్ని తప్పుగా చదివింది. షిరీన్ మూడేళ్లు ఏం చేసిందో ఆమెకు మొదటిసారి తెలిసొచ్చింది.

రిజిస్టర్ ముందు నుంచి చివరికీ, చివరి నుంచి ముందుకీ తిరగేసింది. ముత్యాల్లాంటి రాత, వరస తప్పని సీరియల్ నంబర్లు, కానీ ఏది మార్చిందో గుర్తు ఎక్కడా లేదు. నలభై రెండో పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా రెండు పేజీలు గబుక్కున తిప్పేసింది.

బుధవారం వేణుమాధవ్ ఎంతవరకు వచ్చిందని అడిగాడు. పది పేపర్లు చదివానంది. ఆయన నవ్వు కొంచెం తగ్గింది. రిజిస్టర్ పట్టుకుని తన గదికి రమ్మన్నాడు. ఫోన్లు లోపలికి రాకూడదన్న నియమం ఆయనకు వర్తించదు. జేబులోంచి ఫోన్ తీసి, షిరీన్ నంబరు తానే కలిపి, స్పీకర్ పెట్టి, టేబుల్ మధ్యలో ఉంచాడు. తాను చేస్తానని సుకన్య అనేలోపే అటు ఫోన్ ఎత్తారు. వెనక కుట్టుమిషన్ చక్రం తిరుగుతున్న చప్పుడు వినపడి ఆగింది. తండ్రి దుకాణంలో కూర్చుంటోందన్నమాట.

“ఏమ్మా షిరీన్, మంచిగున్నవా? నాన్న ఎట్లున్నడు?” అన్నాడు వేణుమాధవ్, పోయిన వారం ఏమీ జరగనట్టు. కావాలంటే ఒక నెల పని ఇచ్చే సంగతి చూద్దామని, ముందు మేడమ్‌కు చిన్న డౌటు ఉందని చెప్పి, ఫోన్‌ను సుకన్య వైపు జరిపాడు.

సుకన్య ఫోన్ మీదికి వంగింది. “షిరీన్, నంబర్లు మార్చినవి ఏవో... నీకేమన్నా యాదికున్నయా?”

“అన్నెట్ల యాదికుంటయ్ మేడమ్,” అంది షిరీన్. ఆమె గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. “కానీ తక్లీఫ్ గావొద్దని మార్చినప్పుడల్లా విడిగా రాసిపెట్టిన. రెండు వందల పన్నెండు. సీరియల్ నంబర్లు, పేపర్ల అసలు నంబరు, అన్ని ఒక్క జాగల ఉన్నయ్.”

వేణుమాధవ్ కుర్చీలో వెనక్కి వాలాడు. సుకన్యకు కూడా ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలో ఆమె ఆ పిల్లను మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. “ఎక్కడ రాసినవ్?” అని ఆత్రంగా అడిగింది.

“రిజిస్టర్లనే మేడమ్. నలభై నాలుగో పేజీ మొత్తం దానికే వదిలిపెట్టిన. మీరు రాసి సంతకం జేసిన కాగితం ఉన్నది గద, దాని వెనకనే. కాగితం తిప్పితే కనబడ్తది.”

సుకన్య చేతులు రిజిస్టర్ మీద ఉన్నాయి. వేణుమాధవ్ ఆ చేతుల కిందినుంచి పుస్తకాన్ని మెల్లగా తన వైపు లాక్కున్నాడు. కళ్లజోడు పెట్టుకుని, వేలు నాలికతో తడి చేసుకుని పేజీలు తిప్పాడు. ముప్పై ఏడో పేజీ ఉన్న ఆకు గమ్ము వదిలి ఆయన ఒళ్లో పడింది. దాన్ని తీసి పక్కన పెట్టాడు. నలభై ఒకటి. నలభై రెండు. ఆ పక్కన నలభై ఐదు. రెంటి మధ్య కుట్టు దగ్గర మిగిలిన సన్నటి అంచు మీద గోరుతో ఒకసారి గీసి, తలెత్తి సుకన్యను చూశాడు.

ఫోన్ ఇంకా లైన్‌లోనే ఉంది. “దొరికిందా సార్?” అని అడిగింది షిరీన్.